వైఫల్యాల లెక్క

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు తెలిసిన సామెతే. చేతులు ఎందుకు కాలాయో రాసిపెట్టుకొని, మరో పొయ్యి కట్టే ముందు దానిని చదువుకోవడం మాత్రం మనకింకా అలవడలేదు.

2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన కుండపోత వానకు హైదరాబాదు నగరం అతలాకుతలమైంది. ఎల్‌బీ నగర్ ప్రాంతంలో సరూర్‌నగర్ చెరువు దిగువనున్న కాలనీలు నీట మునిగాయి. నీరు పల్లమెరుగును. చెరువు నిండితే అలుగు నీరు ఎటు పారుతుందో వీధులకు, ఇళ్లకు నమూనాలు గీసేనాడే తెలుసుకొని ఉంటే ఆ నష్టంలో కొంతైనా తప్పేది.

ఈ పాఠం మన నగరానికి కొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వర్షపాతం లెక్కలను, వరద తీరును, తెగిన చెరువుల వివరాలను పరిశీలించారు. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగి, ఆ నీరు కూడా వరదలో కలిసిందని గుర్తించారు. అందుకే వరదను నగరానికి ఎగువనే నిలువరించే జలాశయాలను ప్రతిపాదించారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వైఫల్యాన్ని శ్రద్ధగా చదివితే అందులోనే పరిష్కారం దొరుకుతుందనడానికి ఇది తార్కాణం.

యంత్రాల రూపకల్పనకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. వాహన పరిశ్రమలో ఒక భాగం ఇంకా కాగితం మీద ఉండగానే అది ఏయే విధాలుగా చెడిపోవచ్చునో జాబితా రాస్తారు. నష్టం ఎంత తీవ్రమైనది, ఎంత తరచుగా జరగవచ్చు, ముందుగా పసిగట్టడం ఎంత కష్టం అనే మూడింటికీ 1 నుంచి 10 వరకు అంకెలు వేసి గుణించడం ప్రసిద్ధమైన పద్ధతి. పాత ఫిర్యాదుల, మరమ్మతుల లెక్కలు లేకపోతే ఆ అంకెలు కేవలం ఊహలే.

గతం అన్నిటినీ చెప్పదని కొందరంటారు. అది నిజమే. పడమటనున్న ఆ జలాశయాలు తూర్పున ఎల్‌బీ నగర్‌లో కురిసే వానను ఆపలేవు. కనుకనే లెక్క ఒకనాటితో ముగియరాదు. ప్రతి వైఫల్యమూ అందులో చేరాలి. అయితే, లోపాన్ని చెప్పినవారినే దండిస్తే తరువాతివారు మౌనం వహిస్తారు, లెక్కలు ఆగిపోతాయి.

కాగితం మీది గీతను చెరపడానికి రబ్బరు చాలు. కట్టిన ఇంటిని కూల్చవలసి వస్తే ఒక కుటుంబం బతుకే చెదిరిపోతుంది. రేపు ఇంజినీర్లు, అధికారులు కాబోయే విద్యార్థులు ఏ నమూనా చేపట్టినా “ఇటువంటిది ఇంతకుముందు ఎక్కడ, ఎందుకు విఫలమైంది?” అనే ప్రశ్నతోనే ప్రారంభించాలి.