ఆ ఒక్క లీటరు నల్ల ఆయిల్ ఎక్కడికి పోవాలి?

ద్విచక్ర వాహనానికి ఇంజిన్ ఆయిల్ స్వయంగా మార్చుకోవడం అరగంట పని. కావలసినవి ఒక స్పానర్, ఒక వెడల్పాటి పాత్ర, ఒక గరాటు, కంపెనీ సూచించిన గ్రేడు ఆయిల్ మాత్రమే. పని పూర్తయ్యాక పాత్రలో మిగిలే నల్లని ద్రవాన్ని ఎవరికి అప్పగించాలన్నది మాత్రం తేలని ప్రశ్న. 2024 ఏప్రిల్ 1 నుంచి వాడిన నూనె విషయంలో దేశంలో కొత్త నిబంధనలు అమలవుతున్నాయి. నూనె ఉత్పత్తిదారులకు లక్ష్యాలను, శుద్ధి సంస్థలకు ధ్రువపత్రాలను అవి నిర్దేశించాయి. పెరట్లో బండి పక్కన కూర్చున్న మనిషి చేతిలోని ఆ ఒక్క లీటరుకు దారి చూపలేదు.

ఈ లోటు ఎంత పెద్దదో తెలియాలంటే ఒక చిన్న లెక్క చాలు. దేశంలో 21 కోట్లకు పైగా ద్విచక్ర వాహనాలు నమోదై ఉన్నాయని కేంద్ర రవాణా శాఖ 2022 ఆగస్టులో పార్లమెంటుకు తెలిపింది. ఒక మోటార్ సైకిల్ ఇంజిన్‌లో పట్టేది సుమారు ఒక లీటరు. నమోదైన వాటిలో సగం బండ్లే తిరుగుతున్నాయనుకున్నా, అవి ఏడాదికి ఒక్కసారే ఆయిల్ మార్పించుకుంటాయనుకున్నా, పది కోట్ల లీటర్ల వరకు తేలుతుంది. ఇది గణాంకం కాదు, తక్కువలో తక్కువగా వేసుకున్న అంచనా. ఇందులో అధిక భాగం పెద్ద సర్వీస్ కేంద్రాల్లో కాక, వీధి మలుపుల్లోని మెకానిక్ షెడ్లలో నేలకు దిగుతుంది.

వీధిలో దీన్ని ‘వేస్టాయిల్’ అంటారు. హిందీ ప్రాంతాల మెకానిక్‌లు ‘జలా మోబిల్’, అంటే కాలిన మోబిల్, అంటారు. ఒక కంపెనీ పేరే అక్కడ నూనెకు పేరైపోయింది. చట్టం మాత్రం ఈ రెండు మాటలనూ అంగీకరించదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు ‘వాడిన నూనె’ వేరు, ‘వ్యర్థ నూనె’ వేరు అని స్పష్టంగా నిర్వచించాయి. ఇంజిన్, గేర్ బాక్స్, టర్బైన్, ట్రాన్స్‌ఫార్మర్ వంటి వాటి నుంచి తీసిన, తిరిగి శుద్ధికి పనికివచ్చే నూనె మొదటిది. చమురు శుద్ధి కర్మాగారాల్లో, నౌకల్లో మిగిలే మడ్డి, ఒలికిన ముడి చమురు వంటివి రెండోది. అనువాదంలో ఈ రెండింటినీ ఒకే మాటతో సరిపెట్టడం పత్రికల్లోనూ తరచు కనిపిస్తుంది. పనికిరానిదని పేరు పెట్టిన వస్తువును పారబోయడానికి ఎవరూ సంకోచించరు కనుక, ఆ తేడాను నిలుపుకోవడం అవసరం.

నిజానికి నూనె అరిగిపోదు, మురికి పడుతుంది. ఇంజిన్‌లో పుట్టే మసిని, లోహపు రజనును, తేమను, కాలీకాలని ఇంధనాన్ని అది తనలో కలుపుకుంటుంది. తయారీలో కలిపిన రసాయనాలు క్రమంగా ఖర్చైపోతాయి. రంగు నల్లబడినంత మాత్రాన చెడిందని అర్థం కాదు. మసిని అడుగున పేరుకోనివ్వకుండా తేలుస్తున్నందువల్లే అది నల్లబడుతుంది. డీజిల్ ఇంజిన్‌లో కొద్దిరోజులకే ఈ మార్పు కనిపిస్తుంది. ఆ మురికిని తొలగిస్తే అడుగున ఉన్న మూల నూనె మళ్లీ కందెనగా పనిచేస్తుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈ విషయాన్ని ఒక పోలికతో చెబుతోంది: రెండున్నర క్వార్టుల కందెన తయారు కావడానికి 42 గ్యాలన్ల ముడి చమురు కావాలి, వాడిన నూనె అయితే ఒక్క గ్యాలన్ చాలు.

ఆ మురికే దీన్ని ప్రమాదకరంగానూ మారుస్తుంది. దహన క్రమంలో పుట్టే పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు వాడిన ఇంజిన్ ఆయిల్‌లో పేరుకుంటాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. ఏళ్ల తరబడి చేతి తొడుగులు లేకుండా పనిచేసే మెకానిక్‌ల చర్మానికి ఇది రోజూ అంటుతూనే ఉంటుంది. కాలువలో పోస్తే నీటిపై పలుచని పొరగా పరుచుకుని గాలిలోని ప్రాణవాయువును లోపలికి దిగనివ్వదు. ఒక్కసారి మార్చిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని కలుషితం చేయగలదని అదే అమెరికా సంస్థ హెచ్చరిస్తోంది.

నియమంలో నలుగురు

2023 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ప్రమాదకర వ్యర్థాల నియమాలను సవరించి, వాడిన నూనెకు ‘ఉత్పత్తిదారు విస్తృత బాధ్యత’ను వర్తింపజేసింది. ప్లాస్టిక్, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు, బ్యాటరీలు, టైర్ల తర్వాత ఇదే బాటలోకి వచ్చిన మరో సరుకు ఇది. మూల నూనెను, కందెనను తయారుచేసేవారు లేదా దిగుమతి చేసుకునేవారు, తాము అమ్మిన పరిమాణంలో కొంత శాతం తిరిగి శుద్ధి అయ్యేలా చూడాలి. 2024-25లో 5 శాతంతో మొదలైన ఈ లక్ష్యం దశలవారీగా 50 శాతానికి చేరాలి. కంపెనీ స్వయంగా శుద్ధి చేయనక్కరలేదు. నమోదైన శుద్ధి సంస్థల నుంచి ధ్రువపత్రాలు కొనుక్కుంటే సరిపోతుంది. లావాదేవీలన్నీ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదవుతాయి. లక్ష్యం తప్పితే పర్యావరణ పరిహారం చెల్లించాలి.

ఈ ఏర్పాటులో పాత్రధారులు నలుగురు: ఉత్పత్తిదారు, సేకరణ ఏజెంటు, శుద్ధి సంస్థ, వాడిన నూనె దిగుమతిదారు. ఇంట్లో ఆయిల్ మార్చుకునే వాహనదారు ఈ నలుగురిలో ఎవరూ కాడు. అతనిపై భారం మోపలేదని సంతోషించవచ్చు. అయితే అతని చేతిలోని నూనె ఈ వ్యవస్థలోకి ప్రవేశించే తలుపు కూడా నియమాల్లో కనిపించదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ధ్రువపత్రాల పద్ధతి స్వభావరీత్యా సులభంగా దొరికే నూనెనే ముందుగా వెతుక్కుంటుంది. ఆర్టీసీ డిపోలు, రైల్వేలు, విద్యుత్ సంస్థలు, కంపెనీల సర్వీస్ కేంద్రాల వద్ద నూనె పీపాలకొద్దీ ఒకేచోట లభిస్తుంది. పెద్ద సంస్థలు వేలం ద్వారా అమ్మే అలవాటూ ఇప్పటికే ఉంది. లారీ పంపితే చాలు. 5 శాతం, 10 శాతం లక్ష్యాలు ఈ నూనెతోనే తీరిపోవచ్చు. కాగితంపై లక్ష్యం నెరవేరుతుంది, వీధి షెడ్డు నూనె ఎప్పటిలాగే తన దారిన తాను పోతుంది. శాతం పెరిగే కొద్దీ కంపెనీలు చిన్న షెడ్ల వైపు చూడక తప్పదన్న వాదన ఉంది. అది జరగాలంటే చిన్న షెడ్డుకు ఇప్పుడు గిడుతున్న ధర కన్నా ఎక్కువ చెల్లించాలి.

ఎందుకంటే నల్ల ఆయిల్‌కు ధర ఉంది. ఢిల్లీ కశ్మీరీ గేట్ అయినా, విజయవాడ ఆటోనగర్ అయినా, దాన్ని ఊరికే పారబోసే మెకానిక్ అరుదు. డబ్బాల్లో నింపి ఉంచితే కొనుగోలుదారే వెతుక్కుంటూ వస్తాడు. ఆపై దాని ప్రయాణం రకరకాలు. కొంత ఇళ్ల నిర్మాణంలో కాంక్రీటు అంటుకోకుండా సెంట్రింగ్ పలకలకు పూస్తారు. కొంత చెదలు పట్టకుండా కలపకు రాస్తారు. కొంత బట్టీల్లో, కొలిముల్లో ఇంధనంగా కాలి, లోహాలతో సహా పొగలో కలుస్తుంది. కొంత పైపైన వడకట్టి, రంగు కలిపి, పేరున్న కంపెనీ పాత డబ్బాల్లో కొత్త సరుకుగా తిరిగి వస్తుంది. ఆమ్లంతో, మట్టితో శుద్ధి చేసే పాత పద్ధతిలో మిగిలే ఆమ్లపు మడ్డి మరో విషం. శూన్య పీడనంలో బట్టీ పట్టే ఆధునిక పద్ధతులకు పెట్టుబడి ఎక్కువ. ఆ పెట్టుబడి పెట్టి నిబంధనలు పాటించే సంస్థ, ఏ పెట్టుబడీ లేని బట్టీ యజమానితో ధరలో పోటీపడాల్సి వస్తోంది.

బ్యాటరీ నేర్పిన దారి

దీనికి పరిష్కారం కోసం దూరం వెళ్లనక్కరలేదు. కారు బ్యాటరీ పాడైతే మన దేశంలో ఎవరూ దాన్ని చెత్తకుప్పలో వేయరు. పాతది ఇస్తే కొత్తదాని ధర తగ్గుతుందని అందరికీ తెలుసు. వ్యాపారంలో ఉన్న ఈ మార్పిడి పద్ధతికి 2001 నాటి బ్యాటరీల నియమాలు చట్టరూపం ఇచ్చి, పాత బ్యాటరీలను తిరిగి తీసుకోవలసిన బాధ్యతను అమ్మకందారులకు అప్పగించాయి. ఆయిల్‌కు ఇదే సూత్రాన్ని జర్మనీ వర్తింపజేసింది. అక్కడ వినియోగదారుకు ఇంజిన్ ఆయిల్ అమ్మే దుకాణం, అమ్మినంత పరిమాణంలో వాడిన నూనెను ఉచితంగా స్వీకరించే ఏర్పాటు చేయాలి. అమెరికాలోని కాలిఫోర్నియా, కొత్త ఆయిల్ అమ్మకంపై రుసుము వసూలు చేసి, గుర్తింపు పొందిన కేంద్రాల్లో ప్రజల నుంచి వాడిన నూనెను తీసుకునేందుకు వెచ్చిస్తోంది. అక్కడ విడిభాగాల దుకాణాలే చాలాచోట్ల ఈ కేంద్రాలు.

మనకు స్థానిక సంస్థల దారి కూడా ఒకటి ఉండవలసింది. గృహ ప్రమాదకర వ్యర్థాల కోసం పట్టణాల్లో ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక స్వీకరణ కేంద్రం నెలకొల్పాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు ఆదేశించాయి. రంగు డబ్బాలు, ట్యూబ్‌లైట్లు, కాలం చెల్లిన మందులు, బ్యాటరీలు వాటి నిర్వచనంలో పేరుపేరునా ఉండేవి. ఇంజిన్ ఆయిల్ పేరు ఉండేది కాదు. ‘మొదలైనవి’ అన్న మాటలో దాన్ని ఇరికించే వీలుండేది. కానీ మున్సిపల్ సిబ్బంది ‘మొదలైనవి’ చదివి పీపా ఏర్పాటు చేస్తారని ఆశించడం అత్యాశే. దుకాణంపై బాధ్యత మోపడమే మేలు, ఎందుకంటే ఆయిల్ కొనడానికి మనిషి ఎలాగూ అక్కడికే వెళ్తాడు.

నియమం మారేదాకా సొంతంగా ఆయిల్ మార్చుకునేవారు చేయగలిగింది కొంత ఉంది. ఇంజిన్‌ను రెండు మూడు నిమిషాలు నడిపి, గోరువెచ్చగా ఉండగా డ్రెయిన్ బోల్ట్ విప్పితే మురికి కూడా దిగుతుంది. మరీ వేడిగా ఉంటే చేతులు కాలతాయి. చేతి తొడుగులు తప్పనిసరి. మోటార్ సైకిళ్లలో చాలావరకు క్లచ్ కూడా అదే నూనెలో మునిగి ఉంటుంది. అందువల్ల కారు ఆయిల్ పోయకూడదు, పోస్తే క్లచ్ జారుతుంది. తీసిన నూనెను మూత బిగుసుకునే డబ్బాలోకి వంపి, పైన ‘వాడిన ఆయిల్’ అని రాయాలి. అందులో పెట్రోలు, కూలెంట్, బ్రేక్ ద్రవం, నీళ్లు కలపరాదు. కలిస్తే శుద్ధి కష్టమవుతుంది, చాలా సంస్థలు తిరస్కరిస్తాయి. ఫిల్టర్‌ను బోర్లించి ఒక రాత్రి ఉంచితే అందులోని నూనె కూడా దిగుతుంది. మిగిలిన ఖాళీ డబ్బాలకు రంధ్రం చేసి, లేబుల్ చింపి తుక్కుకు వేస్తే కల్తీదారులకు ఉపయోగపడవు.

నిండిన డబ్బాను కంపెనీ అధీకృత సర్వీస్ కేంద్రానికి తీసుకెళ్లి, తమ నూనెతో పాటు తీసుకుంటారా అని అడగవచ్చు. వారి వద్ద పీపా ఎలాగూ ఉంటుంది. కొందరు తీసుకుంటారు, కొందరు కాదంటారు. కాదన్నవారిని ఒప్పించే నియమం ఏదీ ప్రస్తుతం వాహనదారు చేతిలో లేదు.