యానాం లెక్కలు – మన ఇంటి అద్దెలు

గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోటికి చేరువలో, దాదాపు 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంగల చిన్న ప్రాంతం యానాం. చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. పరిపాలన మాత్రం 800 కిలోమీటర్లకు పైబడిన దూరాననున్న పుదుచ్చేరిది. 1954లో ఫ్రెంచి పాలన తొలగినా, ఆ పాలన గీసిన సరిహద్దు తొలగలేదు. రాయపూర్ పండరీలో అద్దె యింట కాపురముంటున్న మన సభ్యునికి ఆ మారుమూల ఊరితో పనియేమి అని కొందరు అడుగవచ్చును. జనసంఖ్య, ఆదాయం, ప్రజల కూర్పు అనే మూడు లెక్కలు ఉద్యోగి బ్రతుకును ఏ విధంగా శాసిస్తున్నవో యానాం చాలా స్పష్టంగా చూపుతున్నది.

మొదటిది జనసంఖ్య. 2001లో 31 వేల పైచిలుకున్న యానాం జనాభా 2011 నాటికి 55,626కు చేరింది. పదేళ్లలో పెరుగుదల 77 శాతం; దేశం మొత్తం మీద అది 18 శాతానికి లోపే. జనం ఇంతగా పెరిగినచోట అద్దెలు నిలకడగా ఉండవు. అయితే కేంద్ర ప్రభుత్వోద్యోగి ఇంటి అద్దె భత్యానికి కొలమానం అద్దె కాదు, తలల లెక్క. జనాభా 50 లక్షలు దాటితే ఎక్స్ తరగతి, 5 లక్షలు దాటితే వై, తక్కినవన్నీ జెడ్. 2024 జనవరి నుండి ఈ భత్యం వరుసగా 30, 20, 10 శాతం అయినది. ఆ రేట్ల ప్రకారం 40,000 రూపాయల మూలవేతనం గల ఉద్యోగికి వై తరగతిలోనున్న రాయపూర్‌లో 8,000 వస్తే, యానాం తపాలా ఉద్యోగికి 4,000 మాత్రమే.

ఆ తలల లెక్కయినా తాజాదా? 2011 జనగణననుబట్టి చేసిన వర్గీకరణ 2015 ఏప్రిల్ 1 నుండి అమలైనది. 2021లో జనగణన జరుగలేదు. తరువాతి జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా నిర్ణయమైనది. పదహారేళ్ల ఎడబాటు! 5 లక్షలకు చేరువగానున్న పట్టణాలలోని మన సోదరులు ఈ జాప్యానికి నెలనెలా మూల్యం చెల్లిస్తున్నారు. యానాం వంటి ఊళ్లకు కొత్త లెక్క వచ్చినా మేలు కలుగదు. అవి ఏనాటికీ 5 లక్షలు దాటవు. కనుక లోపం జాప్యంలోనే కాదు, కొలమానంలోనూ ఉన్నది.

రెండవది ఆదాయం. జనగణన ఆదాయాన్ని అడుగదు. తలసరి ఆదాయమని ప్రకటించేది పుదుచ్చేరి మొత్తానికి తీసిన సగటు. 2012 జనవరిలో యానాంలోని రీజెన్సీ సెరామిక్స్ కర్మాగారంలో కార్మిక వివాదం హింసకు దారితీసి, ఒక కార్మిక నాయకుడు, ఒక యాజమాన్య ఉన్నతాధికారి ప్రాణాలు కోల్పోయారు. కర్మాగారం ఏళ్ల తరబడి మూతపడింది. ఆ కుటుంబాల పొయ్యిలో పిల్లి లేచిందో లేదో ఏ సగటూ చెప్పజాలదు.

మూడవది ప్రజల కూర్పు. 2011 లెక్కల్లో పుదుచ్చేరిలో షెడ్యూల్డు తెగల సంఖ్య సున్న. గిరిజనులు లేక కాదు. అప్పటికి అక్కడ ఏ తెగనూ జాబితాలో చేర్చలేదు గనుక. ఆంధ్రలో షెడ్యూల్డు తెగలైన యానాదులు, ఎరుకలు సరిహద్దు దాటి యానాంలో అడుగిడితే లెక్కలో తెగ కాకుండాపోతారు. రైల్వే బదిలీపై రాష్ట్రం మారిన కార్మికునికిది కొత్త మాట కాదు. వలస వచ్చిన రాష్ట్రంలో ఆ రాష్ట్రపు రిజర్వేషన్లు కోరే హక్కు లేదని సుప్రీంకోర్టు 1990లో, ఆంధ్ర నుండి బొంబాయికి వచ్చిన కుటుంబానికి చెందిన విద్యార్థి కేసులోనే తీర్పు చెప్పింది. బదిలీ కోరుకున్నది ప్రభుత్వం; నష్టపోయినది ఉద్యోగి బిడ్డ.

కనుక మన కోర్కెలు స్పష్టం. కొత్త జనాభా లెక్కలు వెలువడిన ఏడాదిలోగా పట్టణాల వర్గీకరణను సవరించవలెను. జనసంఖ్యతోబాటు వాస్తవపు అద్దెలను, పెరుగుదల రేటును గణనలోకి తీసుకొనవలెను. ప్రభుత్వపు బదిలీపై రాష్ట్రం దాటిన ఉద్యోగుల బిడ్డలకు రక్షణ కల్పించవలెను.

మన వంతు బాధ్యతా ఉన్నది. 1931 తరువాత మొదటిసారిగా అందరి కులాలనూ నమోదు చేయబోతున్నారు. గణకుడు గుమ్మంలోకి వచ్చినపుడు మాతృభాష తెలుగని చెప్పుటకు వెనుదీయవద్దు, కులం దాచవద్దు, ఇంటిలోని ఏ ఒక్కరినీ విడువవద్దు. లెక్కకు రాని మనిషి హక్కుకు రాడు. ప్రతి శాఖా తన సభ్యుల వాస్తవపు అద్దెల పట్టికను ఇప్పటినుండే సిద్ధపరచవలెను. చర్చల బల్ల ముందు ఆవేశంకన్న అంకెకే బరువెక్కువ.