రాగిని ఇనుము ధరకు అమ్ముకుంటున్నాం

శుక్రవారం నాడు మన ఇళ్లలో కహఫ్ సూరా పారాయణం జరుగుతుంది. అందులోని జుల్‌ఖర్నైన్ వృత్తాంతం మనకు కొత్త కాదు. దౌర్జన్యపరుల బారినుండి కాపాడమని ఒక జాతి ఆయనను వేడుకుంది. ప్రతిగా ధనం ఇస్తామంది. ధనం వద్దు, మీ చేతి కష్టం ఇవ్వండి చాలన్నాడాయన. ఇనుప దిమ్మెలు పేర్పించి, నిప్పులా కాల్పించి, వాటిపై కరిగిన రాగి పోయించి, ఎవరూ దాటలేని అడ్డుగోడ కట్టించాడు.

ఇనుము మీద రాగి నాడు ఒక జాతికి రక్ష అయింది. అదే ఇనుము, అదే రాగి నేడు అనకాపల్లిలోని మన తుక్కు కొట్లలో నష్టానికీ, నిందకూ, జబ్బుకూ హేతువవుతున్నాయి. ఈ మాట కొందరికి చిన్న విషయంగా తోచవచ్చు. తోపుడు బండి మీద పాత సామాను కొనుక్కుని పొట్టపోసుకునే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

ముందుగా సరుకు సంగతి. పైకి రాగిలా మెరుస్తూ, అయస్కాంతం పెట్టగానే అంటుకునే తీగ ప్రతి కొట్టులోనూ కనిపిస్తుంది. అది రాగి పూసిన ఉక్కు తీగ. కేబుల్ టీవీ తీగలో నడిమి తీగ చాలావరకు ఇదే. పాత టెలిఫోన్ తీగల్లో కొన్ని రకాలు, భూమిలో దింపే ఎర్తింగ్ కడ్డీలు కూడా ఈ కోవకు చెందినవే. అధిక పౌనఃపున్యం గల విద్యుత్తు తీగ పైపొరలోనే ప్రవహిస్తుంది. కనుక లోపల బలానికి ఉక్కును, పైన ప్రవాహానికి రాగిని పెట్టి ఖర్చు తగ్గించుకున్నారు. ఊరూరా ఫైబర్ కేబుల్ వచ్చాక స్తంభాల మీది పాత తీగ దిగివచ్చి మన కాటా మీదికి చేరింది.

ఈ తీగను ఎవరూ మనస్ఫూర్తిగా కొనరు. ఇనుము కరిగించే ఫర్నేసువారు రాగి ఉందని వద్దంటారు. వారి అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు. ఇనుముతో పోలిస్తే రాగి ఆక్సిజన్‌తో తక్కువగా కలుస్తుంది. కనుక అది చిట్టెంలోకి పోకుండా ఉక్కులోనే మిగిలిపోతుంది. ఆ ఉక్కును ఎర్రగా కాల్చి సాగదీసేటప్పుడు పైన పగుళ్లు వస్తాయి. రాగి కొనేవారు ఇనుము ఉందని వద్దంటారు. ఇక మిగిలేది మధ్య దళారి. అతడు దీనిని ఇనుము ధరకో, అంతకంటే తక్కువకో తీసుకుంటాడు. అతడి చేతిలో ఆ రాగి ఏమవుతుందో మన బండివాడికి తెలియదు.

ఎంత నష్టపోతున్నామో లెక్క వేద్దాం. ప్రమాణాల మేరకు తయారైన 21 శాతం వాహకత రకం తీగలో బరువులో రమారమి ఎనిమిదో వంతు రాగి ఉంటుంది. ఎక్కువ వాహకత గల రకాల్లో ఇంకా ఎక్కువ, చౌకరకాల్లో బాగా తక్కువ. రాగి ధర ఇనుము ధరకు పది రెట్లేనని తక్కువగానే అనుకుందాం. పైతొడుగు తీసిన 100 కిలోల తీగలో 12 కిలోలు రాగి, 88 కిలోలు ఇనుము. విడదీస్తే దాని విలువ 208 కిలోల ఇనుముతో సమానం. మనం పుచ్చుకుంటున్నది 100 కిలోల ఇనుము ధర. విడదీసే ఖర్చు పోగా కూడా మిగులు ఉంటుంది. ఆ మిగులు మన పిల్లల ఫీజు, మన ఇంటి అద్దె.

అన్ని తీగలూ ఒకటి కావన్నది మరువరాదు. వెల్డింగ్ తీగకు ఉన్న రాగి పూత తుప్పు పట్టకుండా వేసిన అతి పలుచని పొర మాత్రమే. దానిని ఇనుముగా అమ్మడమే సబబు. టైర్లలోని తీగకు ఉన్నది ఇత్తడి, కంచు పూత. అదీ స్వల్పమే. తీగను అడ్డంగా కోసి, కోసిన మొనను ఆకురాయితో సాపు చేసి భూతద్దంతో చూస్తే రాగి వలయం ఎంత మందమో కంటికే తెలుస్తుంది. ఈ పరీక్షకు ఖర్చు లేదు. అయినా ఈపాటి విద్యను మన కుర్రవాళ్లకు నేర్పిన సంఘం ఒక్కటి మాకు కనబడలేదు.

నేర్పనిచోట నిప్పు నేర్పుతోంది. సాయంకాలం కొట్టు వెనుక తీగల కుప్పకు నిప్పంటించి, ప్లాస్టిక్ కరిగిపోతుంటే కర్రతో తిరగేస్తున్న పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లవాడిని మేము చూశాము. మఫ్లరు ముక్కుకు చుట్టుకున్నాడు. ఆ మఫ్లరు దేనినీ ఆపదు. తీగ పైతొడుగు పీవీసీ. అది కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వెలువడుతుంది. దానితోపాటు డయాక్సిన్లు పుడతాయి. అవి పుట్టడానికి దోహదం చేసేది అక్కడే ఉన్న రాగి. డయాక్సిన్లు గాలిలో పోయి మాయం కావు. మట్టిలో, పశువుల కొవ్వులో, పాలలో పేరుకుంటాయి. క్యాన్సర్ కారకాలని వైద్యశాస్త్రం తేల్చినవి అవి.

ఇంత చేసీ మనం సాధించినదేమిటి? ప్లాస్టిక్ కాలింది, రాగి పూత మసిబారింది, దళారి మరో రూపాయి తగ్గించాడు. ఉక్కు మీది రాగి ఈ నిప్పుకు వీడి రాదు. ఊపిరితిత్తులు ఇచ్చి కూడా రాగి రాబట్టలేకపోయాము.

ఇక కొందరు నైట్రిక్ ఆమ్లం వైపు చూస్తున్నారు. వద్దని చేతులు జోడించి చెబుతున్నాము. దాని నుండి లేచే గోధుమరంగు పొగ పీల్చినవాడు ఆ పూట బాగానే ఉన్నట్టుంటాడు. కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. వాడిన ద్రవాన్ని కాలువలో పోస్తే ఆ పాపం చెరువుకూ, చేనుకూ పాకుతుంది. మొరాదాబాద్ అనుభవం మన కళ్ల ముందుంది. ఇత్తడి పనితనానికి పేరుపొందిన ఆ నగరంలో మనవారు ఎలక్ట్రానిక్ తుక్కును కాల్చి, కడిగి లోహం తీశారు. రామగంగ తీరాన పేరుకున్న నల్లని బూడిద సంగతి జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. లాభం గొలుసు పైనున్నవారికి పోయింది. బూడిద, కేసులు, దగ్గు అక్కడి బస్తీలకు మిగిలాయి.

మరి మార్గం లేదా? ఉంది. ముందు యంత్రంతో పైతొడుగు ఒలవాలి. ఆపై అమోనియా, అమోనియం కార్బొనేటు ద్రావణంతో మూసిన తొట్టిలో రాగిని కరిగించాలి. ఈ ద్రావణం రాగిని తీసుకుంటుంది, ఇనుమును దాదాపు ముట్టదు. ద్రావణంలోని రాగిని విద్యుత్తుతో తిరిగి రాబట్టవచ్చు. మిగిలిన ఉక్కును ఫర్నేసువారు కొంటారు. ఇది పెరట్లో చేసే పని కాదు. గాలి శుద్ధి చేసే ఏర్పాటు, రసాయన శాస్త్రం చదివిన మనిషి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. ఒక్క కొట్టువాడి తరం కాదు. యాభై కొట్లు కలిస్తే తరమవుతుంది.

ఇక్కడే ప్రభుత్వాన్ని నిలదీయవలసి ఉంది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అయింది. అచ్యుతాపురం సెజ్, పరవాడ ఫార్మా సిటీ ఈ జిల్లాలోనివే. పక్కనే విశాఖ ఉక్కు కర్మాగారం. పెద్ద పరిశ్రమకు భూమి, నీరు, రోడ్డు, రాయితీ అన్నీ అమరాయి. ఆ పరిశ్రమల, ఆ పట్టణాల తుక్కును ఎత్తిపోసే చేతులకు ఒక షెడ్డు అమరలేదు. ప్రభుత్వ సంస్థల తుక్కు ఎంఎస్‌టీసీ ఈ-వేలంలో లాట్లుగా పోతుంది. ధరావతు కట్టగలిగినవాడిదే ఆ పాట. మన బండివాడికి ఇంటింటి గుమ్మమే మిగిలింది.

2023 సెప్టెంబరులో వచ్చిన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కమ్మరి ఉన్నాడు, తాళాలు చేసేవాడు ఉన్నాడు. కమ్మరికి ఇనుము ఏరి తెచ్చేవాడు లేడు. 2024 అక్టోబరు 10 నుండి లోహపు తుక్కు మీద జీఎస్టీ నియమాలు మారాయి. రిజిస్ట్రేషన్ లేనివాడి వద్ద కొంటే పన్ను భారం కొనేవాడిదే. ఆ భారాన్ని అతడు ఎవరి ధరలో కోస్తాడో ఆర్థికవేత్త చెప్పనక్కరలేదు. రాగి, అల్యూమినియం, జింకు తుక్కు విషయంలో ఉత్పత్తిదారుల బాధ్యతను విధించే నియమాలకు 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా ప్రకటించారు. రిజిస్టరైన రీసైక్లర్ల ద్వారా లెక్క చూపాలన్నది వాటి సారాంశం. ఉద్దేశం మంచిదే. కానీ పుస్తకంలో పేరు లేనివాడు ఆ గొలుసులో ఎక్కడుంటాడు? నిన్నటిదాకా అనధికారికంగా బతికినవాడు రేపు అక్రమమవుతాడు.

అక్రమమన్న ముద్ర మనకు ముందే ఉంది. ఎక్కడ తీగ పోయినా మొదట తట్టేది మన కొట్టు తలుపే. దొంగసొత్తు కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద నేరం, కావలసిందే. దొంగసొత్తు అని తెలిసి కొన్నవాడిని మేము వెనకేసుకు రాము. అయితే అనుమానానికి ఆధారం ఉండాలి. గడ్డం, టోపీ ఆధారం కాజాలవు. సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. ముస్లింలు అధికంగా నివసించే కొన్ని ప్రాంతాలను బ్యాంకులు అప్పివ్వరాని ప్రాంతాలుగా గుర్తించాయని ఆ నివేదిక నమోదు చేసింది. అప్పు ఇవ్వరు, షెడ్డు ఇవ్వరు, పథకంలో పేరు రాయరు. చివరికి పొగ ఎందుకు పెడుతున్నావని అడుగుతారు.

ఇంతటితో ఆపితే సగం నిజమే చెప్పినవాళ్లమవుతాము. తప్పు మనలోనూ ఉంది. రిజర్వేషను గురించి, ఈద్గా గోడ గురించి సభలు పెట్టే పెద్దలు తుక్కు కొట్టు గడప తొక్కరు. 2007 చట్టంతో బీసీ-ఈ కింద లభించిన 4 శాతం చదువుకున్న పిల్లవాడికి మెట్టు. చదువు మానేసి తీగ కాలుస్తున్న పిల్లవాడికి అది అందదు. ‘బీదవాళ్లు, కాల్చుకుని బతకనివ్వండి’ అనే జాలి కూడా మాకు సమ్మతం కాదు. పొరుగువాడి ఊపిరిని విషం చేసి సంపాదించినది హలాల్ అవుతుందా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి. ఈ పూత తీగను మేలిరకం రాగి బస్తాలో కలిపి పంపేవారికి ముతఫ్ఫిఫీన్ సూరా గుర్తుచేయాలి. ఒక్క బస్తాలో పట్టుబడితే లోడంతటికీ ధర తెగుతుంది, మచ్చ అందరికీ పడుతుంది.

దస్త్రాల మధ్య ఉద్యోగకాలమంతా గడిపిన మాకు ఒక సంగతి బాగా తెలుసు. నోటిమాట దస్త్రం కాదు. కాగితం లేని కష్టం ప్రభుత్వానికి కనిపించదు. కనుక ప్రతి కొట్టుకూ ఉద్యం రిజిస్ట్రేషను, ప్రతి బండివాడికీ ఈ-శ్రమ్ కార్డు ఉండాలి. కొన్న ప్రతి సరుకుకూ అమ్మినవాడి పేరు, తేదీ, బరువు రాసిన పుస్తకం ఉండాలి. పోలీసు వచ్చిన రోజున ఆ పుస్తకమే మన సాక్షి. ఆపై కొట్లవారంతా కలిసి సంఘంగా రిజిస్టరు కావాలి. చిన్న పరిశ్రమల సమూహాలకు ఉమ్మడి సౌకర్య కేంద్రాలు నెలకొల్పడానికి కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ గ్రాంటు ఇచ్చే పథకం ఉంది. జిల్లా పరిశ్రమల కేంద్రానికి ఆ పథకం కింద దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోవాలి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగాలి. మైనారిటీ ఆర్థిక సంస్థ తన రుణాల జాబితాలో తుక్కు వ్యాపారాన్ని వృత్తిగా చేర్చాలని ఈ పత్రిక ద్వారా మేము కోరుతున్నాము.

అది నెరవేరేదాకా చేయగలిగినది ఒకటుంది. తీగను కాల్చకండి. రకాలవారీగా వేరుచేసి, పొడి చోట దాచి, నలుగురూ కలిసి లారీ అంత కూడాక అనుమతి ఉన్న రీసైక్లరుకు నేరుగా చూపండి. మొన కోసి చూపి ధర అడగండి. ఒక్కడు అడిగితే బేరం, నలుగురు అడిగితే హక్కు.

జుల్‌ఖర్నైన్ ఆ జాతిని ధనం అడగలేదు, చేతి కష్టం అడిగాడు. మన దగ్గర చేతి కష్టం ఏనాడూ తక్కువ కాలేదు. తక్కువైనది దానిని ఒక్కచోట పేర్చే పూనిక. ఆ పూనికను అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.