సమీప విమానాశ్రయములు

గన్నవరము నుండి రాజమహేంద్రవరపు మధురపూడికి ఆకాశమార్గమున దూరము సుమారు 126 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్లు పోవు చిన్న విమానమున కిది 15 నిమిషముల పని. ఇట్టి లెక్కలను జూపి జిల్లాకొక విమానాశ్రయము గావలయునని కోరువారు గలరు. లెక్క తప్పుగాదు, అసంపూర్ణము. అసంపూర్ణమగు సాక్ష్య మెంత చెఱుపు చేయునో న్యాయస్థానముల నెఱిగినవారికి జెప్పనక్కఱలేదు.

విమానము నేల విడిచిన క్షణముననే పూర్ణవేగము నందుకొనదు. రన్‌వే చివరకు దొరలవలయును, పైకెక్కవలయును, ఎక్కిన కొలది నిమిషములకే దిగుట కారంభింపవలయును. కావుననే గన్నవరము నుండి శంషాబాదునకు ఆకాశమున 263 కిలోమీటర్లే యైనను సమయపట్టికలలో దాదాపు ఒక గంట చూపుదురు. అందు సగమే దూరమునకు. తక్కినది ఎక్కుటకు, దిగుటకు, నేలపై దొరలుటకు. మార్గ మెంత చిన్నదైనను ఈ రెండవ భాగ మంతగా తఱుగదు.

ఇక సంగం జాగర్లమూడి రైతు నొకని దలచుకొందము. అతనికి రాజమహేంద్రవరమున పని గలదు. కృష్ణ దాటి, బెజవాడ మీదుగా గన్నవరమునకు రోడ్డున ఇంచుమించు 60 కిలోమీటర్లు, గంటన్నర. విమానము కదలుటకు రెండు గంటలు ముందుగా రమ్మందురు. నేరు విమానమున్నదనియే యనుకొని గాలిలో అరగంట వేయుదము. దిగి సామాను దీసికొనుటకును, మధురపూడి నుండి పట్టణము చేరుటకును మఱియొక గంట. మొత్త మయిదు గంటలు! అతడే తెనాలికి బోయి ఎక్స్‌ప్రెస్సు రైలెక్కిన యెడల, ఇల్లు విడిచిన నాలుగు గంటలకు గోదావరి దాటియుండును.

మేము విమానమునకు విరోధులము గాము. స్కాట్లాండున కుత్తరమున వెస్ట్రే, పాపా వెస్ట్రే దీవుల నడుమ 2.7 కిలోమీటర్లకే 1967 నుండి విమానము నడుచుచున్నది. ప్రయాణము రెండు నిమిషములు. నడుమ సముద్రమున్నది గనుక అది సమంజసము. ఫ్రాన్సు దేశమో, రెండున్నర గంటలలోపల రైలు చేర్చగల కొన్ని మార్గములలో విమానములను 2023లో నిషేధించినది. నిర్ణయింపవలసినది దూరము గాదు. వేఱు దారి కలదా యనునదే. మన ఉడాన్ పథకమున 2017 ఏప్రిల్ 27న ఆరంభమైన తొలి మార్గములలో కడప–హైదరాబాదు ఒకటి. రైలున రాత్రియంతయు బట్టు అట్టి దారులకు సహాయము తగినదే. కాని యీ పథకమున విమానసంస్థల లోటును బూడ్చు నిధిలో రాష్ట్రప్రభుత్వముల వాటాయు గలదు. అనగా ఎన్నడును విమానమెక్కని కూలివాని పైకమును గలదు. దానిని 126 కిలోమీటర్ల వేడుకకు వెచ్చించుట న్యాయము గాదు.

మా కోరిక స్వల్పము. క్రొత్త విమానాశ్రయమును ప్రతిపాదించునపుడు గాలిలోని నిమిషములు మాత్రమే గాక, ఇల్లు విడిచినది మొదలు గమ్యము చేరువఱకు బట్టు గంటలను ప్రజలయెదుట నుంచవలయును. తెనాలి, రేపల్లె, బాపట్లల నుండి గన్నవరపు విమానముల వేళలకు సరిపోవునట్లు బస్సులు నడుపవలయును. గుంటూరు–తెనాలి మార్గమున సంగం జాగర్లమూడి వంటి చిన్న స్టేషనులలో నాగు రైళ్లు, తెనాలిలో పెద్ద రైళ్ల నందుకొనునట్లు వేళలు కుదర్పవలయును. ఇవి కోట్లు గుమ్మరింపవలసిన పనులు గావు. పల్లెటూరివాని గంటకును పట్టణవాసి గంటకును విలువ యొక్కటేయని అధికారులు దలచిన జాలును.