సైలెన్సర్ విప్పే ముందు, తమ్ముడూ

రెండు నెలల క్రితం, ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక తమ్ముడు ఫోన్ తెచ్చి నా చెవి దగ్గర పెట్టాడు. "అయ్యగారూ, సౌండ్ ఎట్లుంది?" అన్నాడు. బుల్లెట్ చప్పుడు. చంద్రపూర్‌లో ఒక దుకాణంలో సైలెన్సర్ చూసి, పదిహేను వందలు అడ్వాన్సు కూడా ఇచ్చి వచ్చాడు. పంజాబీ వేయించాలా, ఇండోరీ వేయించాలా అన్నదే అతని సందేహం. ఇది పాస్టర్‌ని అడిగే ప్రశ్నేనా అని మీరు నవ్వుకోవచ్చు. వేదాంత కళాశాలలో చదివే రోజుల్లో నేను సెకండ్‌హ్యాండ్ యెజ్డీ నడిపిన సంగతి అతనికి తెలుసు.

వెంటనే వద్దని చెప్పలేకపోయాను. అతని తాత కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనుల్లో పనికి బల్లార్‌పూర్ వచ్చాడు. తండ్రి కాంట్రాక్టు కూలీ. ఆ ఇంట్లో మూడు తరాలకు మొదటి కొత్త బండి ఇది. మన పిల్లలు బుల్లెట్ ఎక్కితే ఓర్వలేనివాళ్లు ఈ దేశంలో ఇంకా ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో ఒక దళిత కాలేజీ విద్యార్థి చేతులపై కత్తులతో దాడి చేశారు. బుల్లెట్ నడుపుతున్నాడన్న అక్కసుతోనే కొట్టారని ఆ కుటుంబం చెప్పింది. ఇలాంటి దేశంలో "అంత చప్పుడెందుకురా?" అని నేనంటే, "నీకంత గొప్పెందుకురా?" అన్న పాత మాటే అతని చెవికి వినబడవచ్చు. ఆ మాట నా నోట రాకూడదు.

అందుకని ముందు బండి గురించే మాట్లాడుకున్నాం.

ఇంజిన్‌లో మంట రేగిన ప్రతిసారీ వేడి గాలి గట్టి ఒత్తిడితో బయటికి తన్నుకొస్తుంది. దాన్ని నేరుగా వదిలితే తుపాకీ పేలినట్టే ఉంటుంది. కంపెనీ సైలెన్సర్ లోపల గదులు, చిల్లుల గొట్టాలు ఉంటాయి. శబ్ద తరంగాలు ఆ గోడలకు కొట్టుకుని, ఒకదాన్ని ఒకటి చాలావరకు చంపేసుకుంటాయి. కొన్నింట్లో గాజు ఉన్ని చుట్టి ఉంటుంది. అది శబ్దాన్ని పీల్చుకుంటుంది. బజారులో దొరికే పంజాబీ, ఇండోరీ, డాల్ఫిన్, మెగాఫోన్ వంటి వాటిలో చాలావరకు ఈ లోపలి సరంజామా తక్కువ, కొన్నింట్లో బొత్తిగా ఉండదు. రెండు మూడు బోల్టులు విప్పి బిగిస్తే అరగంటలో పని అయిపోతుంది. పికప్ పెరుగుతుందని మెకానిక్ చెబుతాడు. ఇంధనం లెక్క సరిచేయకుండా గొట్టం ఒక్కటీ మారిస్తే చప్పుడు పెరిగినంతగా బలం పెరగదు. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్ 6 బండ్లలో పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్ కూడా ఆ గొట్టాల వరుసలోనే ఉంటుంది. బెండు పైపుతో సహా మారిస్తే చాలా బండ్లలో అదీ పోతుంది. కాలుష్యంలో దేశానికే పేరు మోసిన జిల్లా మనది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వేసిన జాబితాలో చంద్రపూర్ నాలుగో స్థానంలో ఉంది.

175 సీసీ దాటిన బైకు శబ్దానికి తయారీలో పెట్టిన హద్దు 80 డెసిబెల్స్. 90కి పోతే ఎంతో పెరగలేదనిపిస్తుంది గానీ, శబ్ద శక్తి పది రెట్లవుతుంది. 100కు చేరితే వంద రెట్లు.

ఇక నన్ను నిజంగా బాధించే విషయం. శబ్ద కాలుష్యంపై 2000లో వచ్చిన నిబంధనలు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రాత్రిగా లెక్కగట్టి, నివాస ప్రాంతాల్లో 45 డెసిబెల్స్ దాటకూడదన్నాయి. పగలైతే 55. కానీ బల్లార్‌పూర్‌లో రాత్రి ఎప్పుడు? గనిలో, మిల్లులో, రైల్వేలో మూడు షిఫ్టులు నడిచే ఊరు ఇది. మా పక్కింటాయన నైట్ షిఫ్టు చేసి ఉదయం తొమ్మిదింటికి ఇంటికొస్తాడు. కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుంటాడు. ఆయనకు రాత్రి పగలే మొదలవుతుంది. ఆ నిద్రను ఏ చట్టమూ కాపాడదు. సగం నిద్రతో మళ్లీ బొగ్గు గనిలోకి దిగే మనిషికి ఏమవుతుందో గని కార్మికుల పిల్లలకు నేను వివరించనక్కర్లేదు. ఆ తమ్ముడి తాత కూడా అలాగే పగటి పూట పడుకున్నవాడే.

చట్టం సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. మారిస్తే యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్ద ప్రమాణాలు మీరితే జరిమానా 10,000 వరకు పోవచ్చు, మూడు నెలలు లైసెన్సూ పోవచ్చు. విశాఖపట్నంలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించారు. నాకు అది అంతగా నచ్చలేదు. ఆ రోలర్ కింద పడేవి ఎక్కువగా మధ్యతరగతి, పేద పిల్లల డబ్బులే. కోట్ల రూపాయల స్పోర్ట్స్ కారుకు కంపెనీయే గొట్టంలో కవాటం పెట్టి, బటన్ నొక్కితే గర్జించేలా తయారు చేసి ఇస్తుంది. దాని మీదికి రోలర్ రాదు.

అయినా ఆ కార్లవాళ్ల దగ్గరే ఒక మంచి సంగతి దొరికింది. ఫోర్డ్ కంపెనీ 2018 మస్టాంగ్‌లో తెల్లవారుజామున కారు మెల్లగా స్టార్ట్ అయ్యే ఏర్పాటు చేసింది. కంపెనీ ఇంజినీరు ఒకాయన పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే, ఆ మోత భరించలేక పొరుగువాళ్లు పోలీసులను పిలిచారట. అక్కడ పుట్టిందా ఆలోచన. ఏ వేళల్లో మెల్లగా ఉండాలో యజమానే ముందుగా పెట్టుకోవచ్చు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'మంచి పొరుగువాడు' అన్న అర్థం వచ్చేది. ఈ మాట చెప్పగానే తమ్ముడు నా వైపు చూసి, "మరి మన స్పీకర్ సంగతేంది అయ్యగారూ?" అన్నాడు.

దొరికిపోయాను. 2000 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది చెన్నైలోని ఒక పెంతెకొస్తు సంఘం మైకుల కేసులోనే. ఇరుగుపొరుగు ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని ఆ తీర్పు సారం. మసీదు మైకు గురించో, గణపతి మండపం డీజే గురించో మాట్లాడేటప్పుడు మన వాళ్లకు ఈ కేసు గుర్తురాదు. బలిపశువుల మాంసం తినే విషయంలో పౌలు కొరింథీయులకు రాసింది నేను చాలాసార్లు బోధించాను. స్వేచ్ఛ ఉన్నా, పక్కవాడికి దెబ్బ తగిలితే దాన్ని వాడుకోనన్నాడాయన. మా మందిరం గోడ మీద రోడ్డు వైపు తిరిగి ఉన్న స్పీకరు కిందే నిలబడి బోధించాను.

ఆ వారమే కమిటీలో మాట్లాడి ఆ స్పీకరు దించాం. ఇద్దరు పెద్దలకు ఇంకా నా మీద కోపం ఉంది, సాక్ష్యం తగ్గిపోయిందంటున్నారు. పక్కింటాయన మాత్రం ఏమీ అనలేదు, గేటు దగ్గర ఎదురైతే తలూపాడు. తమ్ముడి బుల్లెట్‌కు కంపెనీ సైలెన్సరే ఉంది ఇప్పటికైతే. అడ్వాన్సు వెనక్కి ఇవ్వనంటున్నాడట దుకాణంవాడు. దానికి బదులు సాడిల్ బ్యాగులు తీసుకుందామా, లెగ్ గార్డు తీసుకుందామా అని నిన్న మళ్లీ ఫోన్ చేశాడు.