హెచ్‌ఐవీ పోలేదు, పరీక్ష మానొద్దు

"హెచ్‌ఐవీనా? అదెప్పుడో పోయింది కదా!" తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఈ మాట ఇప్పుడు చాలా తేలిగ్గా వినిపిస్తోంది. ఎర్ర రిబ్బను ఎయిడ్స్ దినమైన డిసెంబరు 1న తప్ప కంటబడటం లేదు. వైరస్ మాత్రం పోలేదు. దేశంలో 25 లక్షల మందికి పైగా దానితో బతుకుతున్నారు. ఏటా 60 వేల మందికి పైగా కొత్తగా సోకుతోంది. జాతీయ అంచనాల ప్రకారం దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో వెయ్యికి ఇద్దరికి హెచ్‌ఐవీ ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యికి ఆరుగురికి ఉంది. దేశ సగటుకు ఇది మూడు రెట్లు. ఏమరుపాటుగా ఉండే వీలు మనకు లేదు.

ఎవరినీ భయపెట్టాలని ఈ మాట చెప్పడం లేదు. వైరస్‌ను వెనక్కి నెట్టే దారి మనకు తెలుసు. తెలిసి కూడా మధ్యలో ఆగిపోతున్నామన్నదే ఆందోళన. 1986లో చెన్నైలో దేశంలోని తొలి కేసులు బయటపడినప్పుడు మందన్నదే లేదు. 2004 ఏప్రిల్ 1న ఆరు రాష్ట్రాల్లో వైరస్‌ను అణిచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైంది, వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయితే అప్పట్లో రోగనిరోధక శక్తికి కీలకమైన సీడీ4 కణాలు రక్తంలో 200 కంటే తగ్గితే గానీ చాలామందికి మందు అందేది కాదు. మనిషి నీరసించి జబ్బు పడేదాకా ఆగాల్సి వచ్చేది. ఆలోగా వైరస్ ఇంకొకరికి అంటుకునేది.

ఈ పద్ధతి తప్పని తేల్చిన పరిశోధనలో మన పొరుగున ఉన్న చెన్నై కూడా పాలుపంచుకుంది. జంటలో ఒకరికే వైరస్ ఉన్నవారిపై తొమ్మిది దేశాల్లో జరిగిన ఆ అధ్యయనం ఫలితం 2011లో వెలువడింది. మందు ముందుగానే మొదలుపెడితే భాగస్వామికి వైరస్ సోకే అవకాశం 96 శాతం తగ్గిందని అందులో తేలింది. రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా అణిగిపోతే లైంగిక సంబంధం ద్వారా అది ఇంకొకరికి సోకదని తర్వాతి పరిశోధనలు నిర్ధారించాయి. అందుకే 2017 నుంచి మన దేశంలో సీడీ4 ఎంతున్నా, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే మందు మొదలుపెడుతున్నారు. కండోమ్ ప్రచారం, రక్త నిధుల్లో పరీక్షలు, మందులు అన్నీ కలిసి 2010 తర్వాత దేశంలో కొత్త కేసులను 44 శాతం తగ్గించాయి. ప్రపంచం మొత్తం మీద తగ్గింది 39 శాతమే.

మరి ఇంకా ఎక్కడ ఆగిపోతున్నాం? 2023–24 జాతీయ లెక్కలు చూడండి. హెచ్‌ఐవీ ఉన్న వందమందిలో 81 మందికే ఆ సంగతి తెలుసు. వాళ్లలో 88 శాతం మంది మందు వాడుతున్నారు. వాడేవారిలో 97 శాతం మందికి వైరస్ అదుపులో ఉంది. లెక్క కడితే వందలో 69 మంది దగ్గర వైరస్ అణిగి ఉన్నట్టు. మిగతా 31 మంది నుంచి అది ఇంకా పాకగలదు. ఆ 31 మందిలో 19 మందికి తమ ఒంట్లో వైరస్ ఉన్నట్టే తెలియదు. వాళ్లు దోషులు కారు, పరీక్ష అందని మనుషులు. మందు పనిచేస్తోంది, పరీక్షే వెనకబడింది.

మన ప్రాంతంలో ఈ లోటు పూడ్చడం మరీ అవసరం. కుప్పం, పలమనేరు నుంచి బెంగళూరుకు, నగరి, పుత్తూరు నుంచి చెన్నైకి పనికోసం నిత్యం జనం వెళ్తుంటారు. లారీ డ్రైవర్లు వారాల తరబడి రోడ్డు మీదే ఉంటారు. శ్రీసిటీ, రేణిగుంట ఫ్యాక్టరీల్లో ఊరుగాని ఊరి నుంచి వచ్చిన యువత పనిచేస్తోంది. పరీక్షకు వెళ్తే ఒకపూట కూలి పోతుంది. మందు వాడేవాళ్లు ఊరు మారితే మాత్రలు తెగిపోతాయి. అలా తెగనివ్వొద్దు. ఏఆర్‌టీ సెంటర్‌లో ముందుగా చెబితే, వెళ్లిన ఊళ్లోని సెంటర్‌లో మందు తీసుకునే ఏర్పాటు చేస్తారు. ఒంట్లో బాగుందని మాత్ర మానేస్తే కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ లేస్తుంది, మందుకు లొంగకుండా మొండికెత్తే ప్రమాదమూ ఉంది. వేర్లతో, పసర్లతో పూర్తిగా నయం చేస్తామనేవాళ్లను నమ్మి ఏఆర్‌టీ ఆపితే ప్రాణానికే ముప్పు.

గర్భిణుల విషయంలో ఆలస్యం అసలు పనికిరాదు. చికిత్స లేకుంటే తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. సకాలంలో మందు వాడితే అది 5 శాతం లోపుకు దిగుతుంది. కాబట్టి తొలి నెలల్లోనే పరీక్ష చేయించాలి, భర్త కూడా చేయించుకోవాలి.

పరీక్షకు రానివ్వనిది చాలాసార్లు జబ్బు భయం కాదు, నలుగురికీ తెలుస్తుందేమోనన్న భయం. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగంలోంచి తీసేయడం, బడిలో చేర్చుకోకపోవడం, వైద్యం నిరాకరించడం, అద్దె ఇల్లు ఖాళీ చేయించడం నేరుగా వివక్షే. ఆసుపత్రి సిబ్బంది, యజమానులు, ఇంటి ఓనర్లు ఈ చట్టాన్ని పాటించి తీరాలి. ఒక్క వెకిలి మాట పదిమందిని పరీక్షకు దూరం చేస్తుంది. అధికారులు కూడా జనం వచ్చేదాకా కూర్చోకుండా లారీ స్టాండ్లకు, ఫ్యాక్టరీ గేట్లకు, కూలీల అడ్డాలకు పరీక్షలను తీసుకెళ్లాలి. సాయంత్రం వేళల్లో, సెలవు రోజుల్లో కూడా శిబిరాలు పెట్టాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీల్లో (హెచ్‌ఐవీ సలహా, పరీక్ష కేంద్రాల్లో) పరీక్ష ఉచితం. తిరుపతి రుయా ఆసుపత్రిలోనూ చిత్తూరు జిల్లా ఆసుపత్రిలోనూ ఉన్న ఏఆర్‌టీ సెంటర్లలో మందులూ ఉచితమే. సందేహం ఉంటే 1097కు ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు. అనుమానం కలిగించే సంబంధం జరిగి ఎక్కువ రోజులు కాకపోతే తొలి పరీక్షలో వైరస్ దొరక్కపోవచ్చు, మూడు నెలలకు మళ్లీ చేయించుకోండి. పాజిటివ్ వస్తే ఆ రోజు నుంచే మందు మొదలుపెట్టండి, రోజూ వేసుకోండి. మీ ప్రాణం నిలబడుతుంది, మీ నుంచి ఇంకొకరికి సోకకుండా ఆగుతుంది. ఈ వారమే వెళ్లి పరీక్ష చేయించుకోండి.