ర్యాంకు మనది, పట్టా కంపెనీది

తాడేపల్లిగూడెం బస్టాండులోనో, ఏలూరు టీకొట్ల దగ్గరో, కైకలూరు చెరువుగట్ల మీదో కుర్రాళ్లు ఫోను అడ్డంగా పట్టుకున్నారంటే అది బీజీఎంఐ, లేదంటే ఫ్రీ ఫైర్ మ్యాక్స్. ‘కాంకరర్ కొట్టాను’ అంటే ‘అదేమన్నా కూడు పెడతదా’ అంటారు పెద్దోళ్లు. క్రికెట్‌లో సెంచరీ కొడితే ఆ మాట అనరు మరి! నేనడిగేది వేరే. ఆ ర్యాంకు ఎవరి చేతిలో ఉంది?

2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీతో సహా 118 యాప్‌లని నిషేధించింది. అక్టోబరు 30న సర్వర్లు ఆగిపోయాయి. 2021 జులైలో బీజీఎంఐ వచ్చి, పాత అకౌంటు తెచ్చుకోడానికి కొన్నాళ్లు దారిచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోయింది. జులైలో బీజీఎంఐనీ స్టోర్లలోంచి తీసేశారు, 2023 మేలో మళ్లీ వచ్చింది. దేశ భద్రత అన్నారు, సరే. నిద్ర మానుకుని ఆడినోణ్ణి, యూసీలు పోసి డ్రెస్సులు కొన్నోణ్ణి ఎవరూ అడగలేదు.

కొల్లేరోళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. చెరువు లీజుకి తీసుకుంటాం, పిల్ల వదులుతాం, మేత పోస్తాం. భూమి మాత్రం మనది కాదు. 2006లో అయిదో కాంటూరు లోపల గట్లు పేల్చేసినప్పుడు పెట్టుబడి నీళ్లలో కలిసింది. సరస్సు బతకాలంటే ఆ గట్లు పోవాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. కానీ అప్పు చేసి మేత పోసినోడి గోడు కూడా నిజమే. గేము అకౌంటూ అలాంటి లీజే. మనం చదవకుండా ‘ఓకే’ కొట్టే షరతుల్లో ఉండేది అదే: ఇది వాడుకోడానికి ఇచ్చిన అనుమతి, నీ ఆస్తి కాదు, ఎప్పుడైనా తీసేస్తాం. ఐడీలు వేలకి వేలు పోసి కొంటున్న తమ్ముళ్లూ, అది పట్టా లేని స్థలం బేరమే.

2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కి పతకాలిచ్చారు. 2025 ఆగస్టులో మన పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందేల ఆటల్ని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ని గుర్తించింది. మంచిదే. ఆట మూతపడితే ఆడినోడికి ఏం మిగులుద్దన్న గొడవ మాత్రం ఇక్కడ ఏ పార్టీ నోటా వినపడదు. యూరప్‌లో వినపడింది. 2014లో వచ్చిన ‘ది క్రూ’ అనే కార్ల ఆట సర్వర్లని యూబీసాఫ్ట్ 2024 మార్చిలో ఆపేస్తే, డబ్బిచ్చి కొన్న ఆటని ఎలా ఆపుతారని ఉద్యమం లేచింది. 2025 జులైకి పది లక్షల సంతకాలు దాటాయి.

ఈలోగా ఊళ్లో టోర్నీలు పెట్టే వాళ్లకి ఒక మాట. గెలిచిన జట్టుకి ఫోన్‌పేలో డబ్బు కొట్టేసి ఊరుకోకండి. సంక్రాంతి కబడ్డీకి ఇచ్చినట్టే ఊరు పేరు, ఏడాది, నలుగురి పేర్లు చెక్కించి షీల్డు ఇవ్వండి. ఏ సర్వరు ఆపినా అది ఇంట్లో గూట్లోనే ఉంటది.